పాత గాటున్న తూటా

ఆర్డిత్ స్లెటెన్‌కి కుర్చీ అంటే పడదు. మిల్క్ నది పక్క పొలాల్లో అందరికీ తెలిసిన సంగతే ఇది. చర్చిలో ప్రసంగం అయ్యేదాకా వెనక గోడకి ఆనుకుని నిలబడుతుంది. భోజనం సగంలో లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి గాలి ఎటు తిరిగిందో చూసి వస్తుంది. జీవితంలో ఆమె నిలకడగా కూర్చున్నదల్లా స్కూలు బస్సు స్టీరింగు ముందే. బస్సు కదులుతూ ఉండేది కాబట్టి కూర్చోగలిగిందని మొగుడు వెర్లిన్ అంటాడు.

ఆ బస్సులో ఎక్కి దిగిన పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లులు, తండ్రులు. వాళ్ళెవరూ ఆమెని పేరు పెట్టి పిలవలేరు. దుకాణంలో కనబడితే నెరిసిన గడ్డాలవాళ్ళు కూడా టోపీ తీసి "మిసెస్ స్లెటెన్" అంటారు. బస్సులో ఆమె గొంతు పెంచేది కాదు. అద్దంలోంచి ఒక్క చూపు చూస్తే చాలు, వెనక సీట్లో లేచిన చెయ్యి దిగిపోయేది.

బస్సు మానేశాక ఆమె తిరుగుడంతా ఇంటి వెనక షెడ్డులోకి మళ్ళింది. అక్కడ బల్లకి బిగించిన ప్రెస్సు ఒకటుంది. పేలిపోయిన తూటాల ఇత్తడి గొట్టాల్ని మళ్ళీ తూటాలుగా చేసే యంత్రం. దాని మధ్యలో గుండ్రటి పళ్ళెం, పక్కన పొడుగాటి మీట. మీట కిందికి లాగితే మొదటి గొట్టంలోకి పైనుంచి సూది దిగి, అడుగున కాలిపోయిన ప్రైమరు బిళ్ళని, అంటే సుత్తి దెబ్బకి మందుని అంటించే బిళ్ళని, బయటికి తోస్తుంది. మీట వెనక్కి నెడితే ఖాళీ అయిన గుంటలోకి కొత్త బిళ్ళ ఎక్కుతుంది. అదే సమయంలో పక్క గొట్టంలో మందు పడుతుంది, ఆ పక్కదాని మీద గుండు కూర్చుంటుంది. పళ్ళెం తిరుగుతుంది. లాగు, నెట్టు, లాగు, నెట్టు. ఆర్డిత్ ఒంటికి సరిపడిన పని. కుదురుగా ఉండక్కర్లేదు, ఊరికే ఉండక్కర్లేదు. నది పొడుగునా ఆమెంత జోరుగా తూటాలు నింపేవాళ్ళు లేరని పేరు. ఆ పేరంటే ఆమెకి లోపల్లోపల గర్వం.

మంచు కరిగాక మొదటి ఆదివారం తుపాకి గురి సాధన చేసే ఆడవాళ్ళ జట్టు కంకర గుంటలో చేరింది. గట్టుకి ఆనించిన ఇనప పలకల్ని వరసగా కొట్టాలి. రెండో పలక దగ్గరే ఆర్డిత్ రివాల్వరు బిగుసుకుపోయింది. తూటాలుండే చక్రం తిరగలేదు. ఆమె తుపాకిని గట్టు వైపే ఉంచి రెండో చెయ్యి పైకెత్తింది. ఆ రోజు కాల్చేవాళ్ళ పక్కన కాపలా ట్వైలా బెర్గ్‌స్టాడ్‌ది. చిన్నప్పుడు ఆర్డిత్ బస్సులో ముందు సీటు పిల్ల, పెద్దయ్యాక ఆర్డిత్ దగ్గరే తూటాలు నింపడం నేర్చుకున్న మనిషి. ట్వైలా వచ్చి చక్రం మెల్లగా తెరిచి అడ్డుపడిన తూటాని బయటికి తీసింది. అడుగున బిళ్ళ కాస్త పైకి ఉబికి ఉంది. దాని నడుమ తుపాకి సుత్తి దెబ్బ గాటు కూడా ఉంది. అంటే అది ఇదివరకే ఒకసారి పేలిన బిళ్ళ. లోపల కొత్త మందు, ముందు కొత్త గుండు, వీపున పాత గాటు.

దానివల్ల ఎవరికీ ఏమీ కాదు. చచ్చిన బిళ్ళ పేలదు. కాని ఆ తూటా అక్కడిదాకా ఎలా వచ్చింది? యంత్రం పాతదాన్ని తియ్యలేదు. కొత్తది ఎక్కకపోయినా చెయ్యి ఆగలేదు. పెట్టెలో సర్దేటప్పుడు కన్ను చూడలేదు. ఇన్ని దాటవేసిన మనిషి రేపు ఒకే గొట్టంలో మందు రెండుసార్లు పోసి చూసుకోకపోతే, తుపాకి చేతిలోనే బద్దలవుతుంది.

ఆ మాట ఎవరూ అనలేదు. అనకపోవడమే ఆర్డిత్‌ని కొరుక్కు తింది. మామూలుగా అయితే ట్వైలా "ఏం మిసెస్ స్లెటెన్, బిళ్ళలు దొరకడం లేదా, పాతవే తోమి పెడుతున్నారా" అని ఏడిపించేది. ఆ రోజు భుజం మీద చెయ్యి వేసి, "ఫర్వాలేదండీ, కాసేపు కూర్చోండి," అంది.

ఆర్డిత్‌ని కూర్చోమంది.

వారం మధ్యలో ఫోను వచ్చింది. మాట్లాడి పెట్టేసి ఆర్డిత్ వంటింట్లో అటూ ఇటూ తిరిగింది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా మూత తీసి చూసింది.

"ఎవరు?" అన్నాడు వెర్లిన్ పేపరులోంచి.

"ట్వైలా. శనివారం వస్తుందట. రూబార్బ్ కాడలు వేసి కేకు చేసి తెస్తుందట."

"మంచిదే. దాని చేతి కేకు తిని చాన్నాళ్ళయింది."

"ఎందుకు తెస్తోందో తెలిసిందా నీకు?"

"తినడానికి. కేకులు అందుకే చేస్తారు ఆర్డీ."

"నీకు కేకు తినడమే తెలుసు. ఎందుకొస్తుందో తెలీదు."

అప్పుడు వెర్లిన్ పేపరు దించాడు. అతనికీ అర్థమైంది.

ఆ చుట్టుపక్కల ఒక ఆనవాయితీ ఉంది. తూటాలు నింపే మనిషికి చూపో చెయ్యో గురుతో తప్పిందని తెలిస్తే, జట్టు పెద్దలు వెళ్ళరు. ఆ మనిషి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే వెళతారు. ఉత్తి చేతులతో వెళ్ళరు, కేకు పట్టుకుని వెళతారు. కాఫీ తాగుతారు, వానల గురించి మాట్లాడతారు. వచ్చేటప్పుడు మందు కొలిచే డబ్బాని ప్రెస్సు మీదనుంచి విప్పి తెచ్చేస్తారు. డబ్బా లేకపోతే ప్రెస్సు ఉత్త ఇనుము. ఇచ్చేవాళ్ళు ఎందుకని అడగరు, తెచ్చేవాళ్ళు ఎందుకని చెప్పరు.

ఆర్డిత్ కూడా ఒకసారి అలా వెళ్ళింది, ఓరిన్ క్వామే ఇంటికి. ఆమెకి పని నేర్పినవాడు అతనే. ముసలితనంలో మందు రెండుసార్లు పోశాడు. మేనల్లుడి తుపాకి ఒక పక్క చీలిపోయింది, దేవుడి దయవల్ల వేళ్ళు మిగిలాయి. ఆర్డిత్ కేకు పట్టుకుని వెళ్ళింది. ఓరిన్ తనే డబ్బా విప్పి, గుడ్డతో తుడిచి, కేకు పక్కన పెట్టాడు. పెట్టి, "ఒక్కసారి పక్కన కూర్చుని నేను చేసేది చూస్తావా అమ్మాయ్? చూశాక పట్టుకెళ్దువుగాని," అన్నాడు. "ఎందుకులే ఓరిన్, అక్కర్లేదు," అంది ఆర్డిత్. ఆ వంటింట్లోంచి ఎంత తొందరగా బయటపడదామా అని ఉండింది ఆమెకి. ఓరిన్ మళ్ళీ అడగలేదు. ఆ పైఏడు పోయాడు. ఆ డబ్బాయే ఇప్పుడు ఆమె ప్రెస్సు మీద ఉంది.

"శనివారంలోపల తేలాలి," అంది ఆర్డిత్. "తప్పు దానిదో నాదో."

"దేనిది?"

"ప్రెస్సుది."

"ప్రెస్సుకి కేకు తెచ్చేవాళ్ళెవరూ లేరు పాపం," అన్నాడు వెర్లిన్. కాని లేచి కోటు వేసుకున్నాడు.

షెడ్డులో ఆర్డిత్ తుపాకి మందు సీసాలు అలమరలో పెట్టి తాళం వేసింది. కొత్త బిళ్ళలు దూరంగా పెట్టించింది. ఉత్త ఇత్తడి గొట్టాలు మాత్రం పళ్ళెంలో పెట్టి మీట లాగింది. కొన్ని గొట్టాల్లోంచి పాత బిళ్ళ టిక్కుమని కింది గిన్నెలో పడింది. కొన్నిట్లో చెక్కు చెదరకుండా అలాగే ఉంది. ఏది పడుతుందో ఏది పడదో చెప్పడానికి లేదు.

మొదటి అనుమానం తన చెయ్యి మీదికే పోయింది. చలికాలం నుంచి కుడి భుజం పట్టేస్తోంది. మీట చివరిదాకా లాగడం లేదేమో. వెర్లిన్ చేత మీట ఆగే చోట సుద్దతో గీత పెట్టించింది.

"దాటిందా?"

"దాటింది."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ దాటింది. గీతని తుడిచేసేలా ఉన్నావు, కొంచెం నెమ్మదిగా."

చెయ్యి పూర్తిగానే లాగుతోంది. అయినా బిళ్ళలు ఉండిపోతున్నాయి. సూది పొట్టిదైందేమోనని మర విప్పి కాస్త కిందికి దించింది. కొన్ని ఎక్కువ పడ్డాయిగాని, పడనివి పడనట్టే ఉన్నాయి. ఆ రాత్రి ఆమె పడుకున్నట్టే పడుకుని, తెల్లారకముందే లేచింది.

పొద్దున్నే ఇంకొకటి తట్టింది. చలికాలంలో గొట్టాల్ని బిళ్ళలతో సహా నీళ్ళలో కడిగేసింది. ముందు బిళ్ళలు తీసి తర్వాత కడగడం పద్ధతి. కాని అలా చేస్తే ఒకే పని రెండుసార్లు, ఆమెకి ఓపిక చాలదు. కడిగినవాటిని వసారాలో గోనె మీద పరిస్తే ఎండలేదు, గడ్డకట్టాయి. ఆ తడికి బిళ్ళలు గుంటల్లో చిలుము పట్టి అతుక్కుపోయి ఉంటాయి. "అదే. అదే అయి ఉంటుంది," అంటూ అటక మీదనుంచి కిందటి వేసవిలో ఎండబెట్టిన గొట్టాల బకెట్టు దింపింది. గలగలలాడుతూ పొడిగా ఉన్నాయవి. మీట లాగింది. మొదటిది పడింది. రెండోది పడలేదు.

ఆర్డిత్ షెడ్డు బయటికి వెళ్ళి, బురదలో కంచెదాకా నడిచి, తిరిగి వచ్చింది. ఆ ఊరి బురద జిగట, అడుగడుక్కీ బూటు కింద పేరుకుంటుంది. వచ్చేసరికి ఆమె ఒక అంగుళం పొడుగైంది.

"నా చేతిసంచీలో అద్దం ఉంది, పట్రా," అంది వెర్లిన్‌తో. "నువ్వు మీట లాగు. నేను కింద చూస్తాను."

"దేవుడా, నన్ను ప్రెస్సు ముట్టుకోనిస్తోంది," అన్నాడు వెర్లిన్. "చర్చిలో చెప్పాలి ఈ సంగతి."

ఆమె బల్ల కింద మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న అద్దాన్ని పళ్ళెం అడుగున ఏటవాలుగా పట్టింది. వెర్లిన్ నెమ్మదిగా లాగాడు. అద్దంలో బిళ్ళ అంచు కనిపించింది. మొత్తం బయటికి వచ్చింది. వచ్చిందిగాని పడలేదు, సూది కొనకి అంటుకుని వేలాడింది. వెర్లిన్ మీట వెనక్కి వదలగానే సూదితో పాటే మళ్ళీ గుంటలోకి వెళ్ళిపోయింది, సాయంత్రం పశువు కొట్టంలోకి వెళ్ళినట్టు.

"మళ్ళీ లాగు," అంది.

మళ్ళీ అదే.

ఆమె సూదిని విప్పి వెలుగులోకి పట్టుకెళ్ళింది. కొన బల్లపరుపుగా, అంచు పదునుగా ఉంది. అది బిళ్ళ రేకులోకి దిగబడి కరుచుకుంటోంది. పోయిన పంటకోతల తర్వాత ఒక గొట్టంలో గులకరాయి ఉండి పాత సూది విరిగితే పెట్టిన కొత్త సూది ఇది. పాతది ఎక్కడో ఉండాలి. మేకుల డబ్బాలో దొరికింది. విరిగిన ముక్కే అయినా కొన బాగానే ఉంది. గుండ్రంగా, నున్నగా, ఎవరో ఆకురాయితో అరగదీసి మెరుగుపెట్టిన కొన.

ఎవరో కాదు, తనే. ఎప్పుడో ఓరిన్ ఈ షెడ్డులోనే నిలబడి, "దాని ముక్కు గుండ్రం చెయ్యి అమ్మాయ్, లేకపోతే తోసిందాన్ని తోసినట్టే వెనక్కి తెస్తుంది," అన్నాడు. ఆమె ఆకురాయి పట్టింది. ఆ మాటా, ఆ పనీ ఇప్పటిదాకా గుర్తు లేవు.

కొత్త సూది ముక్కు కూడా గుండ్రం చేసింది. మెరుగుకాగితంతో రుద్దింది. బిగించి లాగింది. టిక్. టిక్. టిక్. బకెట్టు సగమయ్యేదాకా ఒక్కటి కూడా ఆగలేదు.

"తేలిందిగా," అన్నాడు వెర్లిన్. "తప్పు దానిదే. నీది కాదు."

"మర్చిపోయాను వెర్లిన్. నేను చేసిన పని నేనే మర్చిపోయాను."

"పెళ్ళిరోజు నేను మర్చిపోనా?"

"అది నీకు ఎప్పుడు గుర్తుంది గనక."

ఆమె నవ్వలేదు. సూది సంగతి తేలింది. బిళ్ళ వెనక్కి వెళ్ళిపోయింది, సరే. మరి నిండిన గుంటలోకి కొత్త బిళ్ళ ఎక్కనప్పుడు చేతికి ఎందుకు తెలియలేదు? ఖాళీ గుంటలోకి బిళ్ళ వెళితే చొక్కా బొత్తాం కాజాలోకి జారినట్టుంటుంది. నిండిన గుంట గోడ. గోడని నెట్టి కూడా ముందుకు పోయిన చెయ్యి సంగతి ఇంకా తేలలేదు.

శనివారం ట్వైలా వచ్చింది. బూట్లు గుమ్మంలో విప్పి, మేజోళ్ళతో లోపలికి వచ్చి, కేకు పళ్ళెం బల్ల మీద పెట్టింది. కాఫీ పోశారు. నది ఎంత పొంగిందో, ఎవరి దూడలు ఎన్ని నిలబడ్డాయో మాట్లాడుకున్నారు. ఆర్డిత్ నిలబడే తాగింది. కప్పు సగం కాకముందే సింకులో పెట్టేసింది.

"డబ్బా కోసమేగా వచ్చావు?"

ట్వైలా చేతిరుమాలుని మడిచి, మళ్ళీ విప్పింది. "అలా అడక్కూడదు కదండీ."

"అడిగేశాను. జట్టంతా అన్నారా?"

"ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను. మూడు రాత్రులు నిద్ర పోలేదు, మీమీద ఒట్టు."

"సరే, తీసుకెళ్దువుగాని. ముందు పక్కనుండి నేను చేసేది ఒకసారి చూడు."

"ఎందుకులెండి మిసెస్ స్లెటెన్," అంది ట్వైలా, తలుపు వైపు చూస్తూ. "అక్కర్లేదు."

"ఇదే మాట నేను ఓరిన్‌తో అన్నాను," అంది ఆర్డిత్. "రా. వచ్చి చూడు."

షెడ్డులో ఆర్డిత్ పాత బిళ్ళలు ఉన్నచోటే ఉండేలా సూదిని విప్పి పక్కన పెట్టింది. మందు తాళంలోనే ఉంది. ప్రెస్సుకి కొత్త బిళ్ళలు అందించే గొట్టంలో చచ్చిన బిళ్ళలు పోసింది, పొరపాటున కూడా ఏదీ పేలకుండా. "గొట్టాలు నువ్వు పెట్టు," అంది ట్వైలాతో. "ఎక్కువ ఖాళీ గుంటలవి పెట్టు. మధ్యలో పాత బిళ్ళ ఉన్నవి కలుపు. ఎప్పుడో చెప్పకు. నేను కిటికీ వైపు చూస్తూ మీట మాత్రమే ఆడిస్తాను."

కిటికీలోంచి కంచె, దాని అవతల వెలిసిపోయిన గోధుమ మోళ్ళు కనిపిస్తున్నాయి. ఆర్డిత్ లాగింది, నెట్టింది. బొత్తాం జారినట్టు వెళ్ళింది. మళ్ళీ. మళ్ళీ. ఆ పైది నెడుతుంటే అరచేతిలో ఏదో అడ్డం తగిలింది.

"ఇది," అంది.

ట్వైలా తీసి చూసింది. "అవును."

ఇంకొన్ని బాగా వెళ్ళాయి. ఇంకొకటి ఆగింది. "ఇది."

"అవునండీ." ట్వైలా ఇంకో గొట్టం చురుగ్గా పెట్టింది. ఆర్డిత్ చెయ్యి జోరందుకుంది. లాగు, నెట్టు.

తలుపు తెరుచుకుంది. "కేకు కొయ్యమంటారా," అన్నాడు వెర్లిన్, "లేక దాన్ని చూస్తూ కూర్చోమంటారా? ఆర్డీ, ఆ పెద్ద కత్తి ఎక్కడ పెట్టావు?"

"పెట్టిన చోటే ఉంటుంది. నీ కళ్ళు పెట్టి వెతికితే రెండో సొరుగులో..."

"ఆగండి," అంది ట్వైలా.

పళ్ళెంలోంచి గొట్టాన్ని తీసి పైకి పట్టింది. గుంటలో పాత బిళ్ళ. దాని కింద నలిగి చప్పిడైన ఇంకో బిళ్ళ. దాన్ని దాటి మీట పోయింది.

 వెర్లిన్ తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయాడు.

"తగిలింది," అంది ఆర్డిత్. "చేతికి తగిలింది ట్వైలా. నోరు కత్తి గురించి చెబుతోంది. అందుకని పోయింది."

"చలికాలంలో ఇవి నింపుతున్నప్పుడు..."

"రేడియో. ఆయనతో వాదన. పొయ్యి మీద కూర. ఎప్పుడూ అంతే."

ఆర్డిత్ మర విప్పి డబ్బాని తీసింది. కొక్కేనికి ఉన్న గుడ్డతో తుడిచింది.  ట్వైలా ముందుకి చాపింది.

ట్వైలా వెంటనే అందుకోలేదు. "రైలు పట్టాల దగ్గర ఏం చేసేవారో గుర్తుందా మీకు?"

"ఏం చేసేదాన్ని?"

"బస్సు ఆపి, తలుపు తెరిచి, అందరినీ నోళ్ళు మూసుకోమనేవారు. రైలు చప్పుడు వినాలని. ఒకడు కిసుక్కుమన్నా బస్సు కదిలేది కాదు. ఒకసారి నేను నవ్వాపుకోలేక నవ్వితే, బడిగంట కొట్టేశాక తీసుకెళ్ళారు మమ్మల్ని. ఇంటి దగ్గర తన్నులు తిన్నాను."

"అది రూలు."

"ఇక్కడికి ఆ రూలు రాలేదేం?"

 ఆర్డిత్ షెడ్డులో అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేసింది.

ట్వైలా అప్పుడు డబ్బా అందుకుని చంకలో పెట్టుకుంది. "ఇది నేను పట్టుకెళ్తాను. పట్టుకెళ్ళక తప్పదు, లేకపోతే అద్దంలో నా మొహం నేను చూసుకోలేను. శనివారం శనివారం నేనే తెస్తాను. పక్కన కూర్చుంటాను, మీరు నింపండి. మిగతా రోజులు పాత బిళ్ళలు మాత్రం తీస్తూ ఉండండి, ఆ మూలనున్న ఒంటి ప్రెస్సు మీద, ఒక్కొక్కటే. తీసి, గుంట చూసి, తర్వాతే కడగండి. మీరు నాకు నేర్పినట్టు."

"నేను అలా నేర్పానా?"

"నేర్పారు. మీరే చెయ్యలేదు."

"వారానికి ఒక్క రోజేనా?" అంది ఆర్డిత్. "చచ్చిపోతాను ట్వైలా, ఊపిరాడక."

"చావకండి. కేకు మిగిలిపోతుంది."

మధ్యాహ్నం దాటాక ట్వైలా బండి బురదలో ఊగుతూ వెళ్ళింది. సీటు మీద, కేకు ఖాళీ పళ్ళెం ఉండాల్సిన చోట, డబ్బా ఉంది. పళ్ళెం ఇక్కడే ఉండిపోయింది, సగం కేకుతో. వచ్చే శనివారం పట్టుకెళతానంది.

ఆర్డిత్ షెడ్డు మూలనున్న ఒంటి ప్రెస్సు మీది గోనె తీసింది. ఓరిన్ దగ్గర మొదట పని నేర్చుకున్న ప్రెస్సు అది. దానికి పళ్ళెం తిరగదు, ఏదీ దానంతట రాదు. ఒక గొట్టం పెట్టాలి, లాగాలి, తియ్యాలి, గుంటలోకి చూడాలి. గుండ్రటి ముక్కు సూదిని దానికి బిగించింది. రేడియో తీగ ఊడపీకింది. బకెట్టులోంచి ఒకటి తీసింది. టిక్. చూసింది. ఇంకొకటి. టిక్. కాళ్ళు ఒక చోట నిలవక బరువు ఈ కాలి మీదనుంచి ఆ కాలి మీదికి మార్చుకుంటూనే ఉంది. బకెట్టు తరిగినట్టే లేదు.

తలుపు కొంచెం తెరుచుకుంది. వెర్లిన్ చేతిలో కేకు ముక్క పళ్ళెం. నోరు తెరవబోయాడు. ఆర్డిత్ తల తిప్పకుండా ఎడమ చెయ్యి పైకెత్తింది, రైలు పట్టాల దగ్గర స్టీరింగు ముందు కూర్చుని వెనకవాళ్ళకి ఎత్తినట్టు. ఆ బస్సు రూలు తెలిసిన వెర్లిన్ గడప మీదే ఆగిపోయాడు. ఆమె మీట లాగింది. బిళ్ళ పడింది. గొట్టాన్ని వెలుగుకి ఎత్తి గుంట చూసింది. ఇంకొకటి తీసి పెట్టింది. అతను కేకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"రైలు వెళ్ళిపోయిందా?" అన్నాడు చివరికి, బాగా గొంతు తగ్గించి.

"ఇంకా లేదు," అంది ఆర్డిత్.